ఈ పట్టీ ఎక్కడ కాలిందో చూడండి

(ప్యానెల్ బోర్డులు కట్టేవారు, ఎలక్ట్రీషియన్లు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు ఒక పాతకాపు ప్యానెల్ మేకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు నుంచి ఎత్తి రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాను చప్పుడుకు నా మాట వినబడకపోతే చెయ్యి ఎత్తండి. ఈ ఎండలో ఫ్యాను ఆపమనను, నేనే గొంతు పెంచుతాను.

ముందు ఈ ముక్క చూడండి. అల్యూమినియం పట్టీ. ప్యానెల్ బోర్డులో కరెంటును మోసి బ్రేకర్లకు పంచే బస్‌బార్ ఇదే. వెడల్పు 80 మిల్లీమీటర్లు, మందం 10. నేను మాట్లాడుతుండగా దీన్ని వరుసలో ఒకరి చేతిలోంచి ఒకరికి పంపండి. చూశారా? ఎక్కడ కాలింది? నడుమ కాలిందా? నడుమ కొత్త గిన్నెలా ఉంది. కాలింది చివర, బోల్టు రంధ్రం చుట్టూ. ఆ రంధ్రం ఇప్పుడు గుండ్రంగా కూడా లేదు, ఒక పక్కకు మైనం జారినట్టు జారిపోయింది. ఆ నల్లటి పెచ్చు ఒకప్పుడు పసుపు రంగు స్లీవు, అంటే పట్టీ మీద తొడిగే ఇన్సులేషన్ గొట్టం.

ఈ బోర్డు ఎవరు కట్టారని అడుగుతారు. నేనే కట్టాను. ఇంకొకరి తప్పు చూపించి పాఠం చెప్పడం తేలిక కదా, అందుకే నాది తెచ్చాను.

గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లు. ఉప్పుడు బియ్యం ఆడేది. అంటే ఒక పక్క బాయిలరు, ఆవిరి, తడి. ఇంకో పక్క ఊక, దుమ్ము. 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు. 433 వోల్టుల దగ్గర దాని పూర్తి కరెంటు ఎంత? లెక్క వేయండి. 667 ఆంపియర్లు. నేనేం చేశాను? అల్యూమినియానికి చదరపు మిల్లీమీటరుకు ఒక ఆంపియరు, ఆ పాత లెక్క వేశాను. 667కు 80 బై 10 పట్టీ, అంటే 800 చదరపు మిల్లీమీటర్లు. బోలెడంత ఉందనుకున్నాను. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ సైజులో తప్పు లేదు. పట్టీ సరిపోయింది.

బ్రేకరు నుంచి చిన్న రాగి పట్టీలు దించి, వాటిని ఈ అల్యూమినియం పట్టీలకు నేరుగా కలిపాను. మధ్యలో బైమెటల్ ముక్క, అంటే ఒక ముఖం రాగి, ఇంకో ముఖం అల్యూమినియం ఉన్న ముక్క, పెట్టలేదు. రాగికి తగరం పూత వేయించలేదు. కొత్త స్పానరు పట్టుకుని, చాలదన్నట్టు దాని పిడికి రెండడుగుల పైపు తొడిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాను. ఇంత బిగించాక జన్మలో ఊడదు అన్నాను. ఆ మాట నాకు బాగా గుర్తు, ఎందుకంటే మిల్లు యజమాని తొమ్మిది నెలల తరవాత అదే మాట నాకు తిరిగి అప్పగించాడు.

తొమ్మిది నెలలకు ఫోను వచ్చింది. తలుపు మీద రంగు గోధుమ వన్నెకు మారిందని, ఏదో ఘాటు వాసన వస్తోందని. వెళ్లి సప్లై ఆపి తలుపు తీశాం. పసుపు ఫేజు జాయింటు ఇదిగో ఇలా ఉంది. పక్కన ఎరుపు ఫేజు ఇంకా కాలలేదు. సరే, దాన్నైనా చూద్దామని బోల్టు మీద చెయ్యి వేశాను. స్పానరు పెట్టకముందే వేళ్లతో తిరిగింది! రెండడుగుల పైపు వేసి బిగించిన బోల్టు వేళ్లతో తిరిగింది. ఎందుకు తిరిగింది? దాని దగ్గరకు మళ్లీ వస్తాను. కాస్త ఓపిక పట్టండి.

మీలో చాలామంది నాకు ఫోను చేస్తుంటారు. "సార్, 400 ఆంపియర్లకు ఏ సైజు బార్ వేయమంటారు?" ఇదొక్కటే ప్రశ్న. నేను వెంటనే సైజు చెప్పను, తిరిగి ప్రశ్నలు వేస్తాను. పెట్టె ఎంత పెద్దది? మూసి ఉంటుందా, గాలి ఆడుతుందా? ఎక్కడ పెడతారు, గదిలోనా, రేకుల షెడ్డు కిందనా, చెరువు గట్టు మీదా? వెనక ఉన్న ట్రాన్స్‌ఫార్మరు ఎంత? లోడు రోజంతా ఉంటుందా, గంట ఉండి ఆగుతుందా? అవతలి మనిషికి చిరాకు వస్తుంది. సైజు అడిగితే ఈయన జాతకం అడుగుతున్నాడేమిటి అనుకుంటాడు. సైజు ఆ జాతకంలోనే ఉంది మరి.

ఒక ఆంపియరు లెక్క, రాగికైతే ఒకటిన్నర లెక్క. ఈ లెక్కలు మన షాపుల్లో తాతల నాటి నుంచి ఉన్నాయి. ఇవి పూర్తిగా అబద్ధాలు కావు. అయితే ఎక్కడ అబద్ధమవుతాయో తెలియాలి. జర్మనీవాళ్ల ప్రమాణం ఒకటి ఉంది, డిన్ 43671 అంటారు, రాగి పట్టీల కరెంటు పట్టిక. అందులో రెండే వరుసలు చెబుతాను, రాసుకోండి. 30 బై 5 రాగి పట్టీ, అంటే 150 చదరపు మిల్లీమీటర్లు, దాదాపు 379 ఆంపియర్లు మోస్తుంది. చదరపు మిల్లీమీటరుకు రెండున్నర. 100 బై 10 పట్టీ, అంటే 1000 చదరపు మిల్లీమీటర్లు, 1490 మోస్తుంది. చదరపు మిల్లీమీటరుకు ఒకటిన్నర. అదే రాగి, అదే గాలి, మరి ఎందుకింత తేడా?

వేడి పుట్టేది లోహం లోపల, పోవలసింది ఒంటి మీద నుంచి. పట్టీ పెద్దదవుతున్నకొద్దీ లోపలి కండ పెరిగినంతగా ఒళ్లు పెరగదు. ఒక చిన్న ఇడ్లీ, ఒక పెద్ద కుడుము పక్కపక్కన పెట్టండి, ఏది ముందు చల్లారుతుంది? అంతే సంగతి. దానికితోడు ఏసీ కరెంటుకు ఇంకో గుణం ఉంది, అది లోహం నడుమకు పోవడానికి ఇష్టపడదు, అంచులకు తోసుకుపోతుంది. 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ లోతు 9 మిల్లీమీటర్ల పైచిలుకు. అందుకే మన పట్టీలు 10 మిల్లీమీటర్ల మందం దగ్గర ఆగుతాయి. అంతకంటే కావాలంటే మందం పెంచరు, రెండో పట్టీ వేస్తారు. రెండో పట్టీ వేస్తే కరెంటు రెట్టింపు మోస్తుందా? మోయదు. ఒకదాని సెగ ఇంకొకదానికి తగులుతుంది. ఒకే దుప్పటి కింద ఇద్దరు పడుకున్నట్టు.

అదే పట్టికలో ఇంకో తమాషా. 100 బై 10కి మెరిసే రాగి అయితే 1490 అన్నాను కదా, రంగు వేసిన పట్టీ అయితే 1810 అని ఉంటుంది. రంగు వేస్తే ఎక్కువ మోయడమేమిటి? మెరిసే లోహం వేడిని బయటికి వెదజల్లదు, పట్టుకుని కూర్చుంటుంది. మెరుపు లేని రంగు వేస్తే వెదజల్లుతుంది. మనవాళ్లు పట్టీని అద్దంలా పాలిష్ చేసి చూపించి మురిసిపోతారు. చూపుకు బాగుంటుంది, చల్లదనానికి మాత్రం నష్టం.

ఇప్పుడు అసలు మెలిక. ఆ పట్టిక ఏ లెక్కన తయారైంది? బయటి గాలి 35 డిగ్రీలు, పట్టీ 65 డిగ్రీలు, చుట్టూ గాలి హాయిగా ఆడుతోంది. మన పట్టీ ఎక్కడుంది? రేకు పెట్టెలో, తలుపు మూసి, రబ్బరు బీడింగు వేసి. పెట్టె దుమ్మును, నీళ్లను ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఐపీ. దుమ్ము పోకూడదని ఐపీ 54 అడుగుతారు, ఐపీ 55 అడుగుతారు. దుమ్ము పోని చోట గాలి పోతుందా? లోపలి గాలి 55 డిగ్రీలకు చేరితే పట్టీ చల్లారాల్సింది ఆ వేడి గాలిలోనే. ప్యానెల్ బోర్డుల ప్రమాణం, ఐఎస్/ఐఈసీ 61439, చుట్టుపక్కల గాలి 40 డిగ్రీలు దాటదని, రోజంతటి సగటు 35 దాటదని అనుకుని మొదలుపెడుతుంది. ఎక్కడి రోజు అది? రెంటచింతలలో మే నెలలో నిలబడి ఈ మాట చదవండి. రామగుండంలో చదవండి. అక్కడి నీడలోనే 45 దాటుతుంది, రేకుల షెడ్డు కింద సంగతి నేను చెప్పనక్కర్లేదు. అందుకని పట్టికలో 400 అని ఉంటే మన పెట్టెలో అది 400 కాదు. ఎంత తగ్గించాలో పెట్టెను బట్టి, లోపల బ్రేకర్లు పుట్టించే వేడిని బట్టి ఉంటుంది. మూసిన పెట్టెలో నేను ఐదో వంతు తగ్గించి మొదలుపెడతాను, ఆపైన లెక్క వేస్తాను. ఇది నా అలవాటు, ప్రమాణం కాదు, అలా అని ఎక్కడా రాయకండి.

పట్టీని ఎలా పెడతారన్నది కూడా చూడాలి. అంచు మీద నిలబెడితే రెండు వైపులా గాలి పైకి పారుతుంది. పీటలా పడుకోబెడితే దాని కింద వేడి గాలి ఇరుక్కుని కూర్చుంటుంది. అదే పట్టీ, అదే పెట్టె, పెట్టిన తీరు మారితే వేడి మారుతుంది. ఇది ఖర్చు లేని పని. డ్రాయింగు దశలోనే చూసుకోవాలి, రంధ్రాలు వేశాక కాదు.

రాగా, అల్యూమినియమా? ఈ తగువు ఎప్పటికీ తెగదు, నేను ఎక్కువసేపు దీని దగ్గర ఆగను. రాగి కరెంటు మోయడంలో వందైతే అల్యూమినియం 61. అంటే అదే నిరోధానికి అల్యూమినియం దాదాపు 1.6 రెట్ల సైజు కావాలి. బరువు చూడండి. 50 బై 10 రాగి పట్టీ మీటరు దాదాపు నాలుగున్నర కిలోలు. దానికి సాటి 80 బై 10 అల్యూమినియం మీటరు రెండు కిలోల చిల్లర. కిలో ధరలో తేడా మీకు నాకంటే బాగా తెలుసు. చోటుంటే, జాయింటు చేయడం వస్తే అల్యూమినియం దివ్యంగా పనిచేస్తుంది. దేశమంతటా ఊళ్ల మీదుగా పోయే కరెంటు తీగలు ఏమిటి? అల్యూమినియమే కదా. పెట్టె చిన్నదైతే రాగి. కొనేటప్పుడు మాత్రం ఒక మాట. అల్యూమినియం అని చెప్పి కరిగించిన పాతసామాను లోహం అమ్మేవాళ్లుంటారు. 91ఈ గ్రేడు అని రాసిన టెస్టు సర్టిఫికెట్ అడగండి. రాగికి ఈటీపీ గ్రేడు, 99.9 శాతం. సర్టిఫికెట్ అడిగితే కోపం వచ్చే దుకాణంలో కొనకండి.

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఉన్నారు, చేతులు కనబడుతున్నాయి. మీకు వేరే కష్టం. ఏరేటర్ల బోర్డు గట్టు మీదే ఉంటుంది, తడిగాలి, ఉప్పు. మీరు మామూలు రాగి కాదు, తగరం పూత రాగి అడగండి. కోళ్ల ఫారాలవాళ్లకు అమ్మోనియా, అది ఇత్తడికి పగుళ్లు తెప్పించి విరగ్గొడుతుంది. అక్కడ ఇత్తడి లింకులు, ఇత్తడి స్క్రూలు పెట్టి మూడేళ్లకు విరిగాయని ఆశ్చర్యపోకూడదు.

ఇప్పుడు షార్ట్ సర్క్యూట్. ఇందాక ట్రాన్స్‌ఫార్మరు ఎంత అని అడుగుతానన్నాను కదా, ఎందుకు? రోజూ పారే కరెంటు పట్టీని వేడెక్కిస్తుంది. షార్ట్ అయిన నాడు పారే కరెంటు పట్టీని పట్టుకుని గుంజుతుంది. 500 కేవీఏ, ఇంపిడెన్సు, అంటే ట్రాన్స్‌ఫార్మరు తనలోనే కరెంటుకు పెట్టే అడ్డు, నాలుగున్నర శాతం అనుకోండి. 667ను 0.045తో భాగించండి. దాదాపు 14,800 ఆంపియర్లు. అది కాక మొదటి అలలోనే శిఖరం దానికి రెట్టింపు దాకా లేస్తుంది, 30,000 దరిదాపులు. రెండు పట్టీలు 60 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటే, ఆ క్షణంలో మీటరు పొడవున ఒకదాన్నొకటి ఎంత బలంతో నెట్టుకుంటాయో తెలుసా? దాదాపు 300 కిలోల బరువంత. సరే, భరించవచ్చు అంటారు. ఇప్పుడు మిల్లు పెరిగింది, 1000 కేవీఏ వేశారు, ఇంపిడెన్సు ఐదు శాతం. 26,700 ఆంపియర్లు, శిఖరం 56,000. అదే పట్టీలు, అదే ఎడం, నెట్టుడు ఎంత? దాదాపు ఒక టన్ను! ట్రాన్స్‌ఫార్మరు రెట్టింపయితే బలం మూడున్నర రెట్లయింది. బలం కరెంటుతో పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది, అందుకు.

చాలాసార్లు జరిగేది ఇదే. ట్రాన్స్‌ఫార్మరు మారుస్తారు, కేబులు మారుస్తారు, బోర్డు మాత్రం అలాగే ఉంచుతారు. బోర్డులో లోడు పెరగలేదు కదా అంటారు. లోడు పెరగలేదు నిజమే, వెనకున్న ఏనుగు పెరిగింది.

ఈ బలాన్ని ఆపేది పట్టీ కాదు, దాన్ని పట్టుకున్న సపోర్టు. పాత రోజుల్లో హైలం షీటు, అంటే బేకలైట్ రకం గట్టి అట్ట, కోసి రంధ్రాలు వేసి పెట్టేవాళ్లం. కోసిన అంచుల్లోంచి అది తడి పీలుస్తుంది, దుమ్ము పడితే దాని ఒంటి మీద కరెంటు నల్లటి దారులు గీసుకుంటుంది. ఇప్పుడు ఎస్ఎంసీ, డీఎంసీ అనే గాజు పీచు కలిపిన ప్లాస్టిక్ సపోర్టులు పోతపోసినవి దొరుకుతున్నాయి, తయారీదారు ఇన్ని కిలో ఆంపియర్లకు ఇంత దూరానికి ఒకటి అని పట్టిక ఇస్తాడు. ఆ పట్టికను అతిక్రమించి సపోర్టు మిగిల్చుకున్నామని సంతోషపడకండి. ఇందాక అంచు మీద నిలబెడితే చల్లగా ఉంటుందన్నాను కదా. ఆ పట్టీల వెడల్పు ముఖాలు ఎదురెదురుగా ఉంటే, నెట్టుడు సరిగ్గా పట్టీ తేలిగ్గా వంగే వైపు పడుతుంది. చల్లదనం ఇచ్చింది, బలం తీసుకుంది. ఆ చోట సపోర్టులు దగ్గర దగ్గరగా పెట్టాలి. ఉచితంగా ఏదీ రాదు.

వేడికి కూడా ఒక లెక్క చెప్పి వదిలేస్తాను. ఒక్క సెకను షార్ట్ తట్టుకోవడానికి, అప్పటికే వేడిగా ఉన్న అల్యూమినియం చదరపు మిల్లీమీటరుకు 80 ఆంపియర్ల పైచిలుకు భరిస్తుంది, రాగి 125 దాకా. 14,800 ఆంపియర్లకు 180 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు. మెయిన్ పట్టీలకు ఎలాగూ అంతకంటే ఎక్కువే వేస్తాం. చిక్కొచ్చేది మెయిన్ పట్టీ నుంచి చిన్న బ్రేకర్లకు దించే సన్న పట్టీల దగ్గర, ఎర్తు పట్టీ దగ్గర. వాటిని ఎవరూ లెక్క వేయరు, మిగిలిన ముక్క వేస్తారు. లెక్క వేయండి.

ఇప్పుడు ఆ బోల్టు దగ్గరకు వద్దాం. పైపు వేసి బిగించిన బోల్టు వేళ్లతో ఎందుకు తిరిగింది? ఎవరైనా చెబుతారా? ... ఆ, ఆ అబ్బాయి వైబ్రేషను అంటున్నాడు. కొంత నిజమే నాన్నా, అసలు దొంగ వేరే ఉన్నాడు. వేడెక్కితే అల్యూమినియం ఉబ్బుతుంది, ఉక్కు బోల్టు అందులో సగమే ఉబ్బుతుంది. అంటే ఏమయింది? పట్టీ ఉబ్బి బోల్టును నెడుతోంది, బోల్టు కదలనంటోంది. మెత్తటివాడు ఎవరు? అల్యూమినియం. నలిగేది వాడే. రాత్రి మిల్లు ఆగింది, పట్టీ చల్లారి ముడుచుకుంది, నలిగిన మేర మాత్రం వెనక్కి రాలేదు. ఆ మేర బిగువు పోయింది. మర్నాడు మళ్లీ. రోజుకు ఒకసారి, తొమ్మిది నెలలు. నేను పైపు వేసి బిగించి చేసిందేమిటి? మొదటి రోజే దాన్ని నలగ్గొట్టాను. ఎక్కువ బిగించాను కాబట్టి వదులయింది!

దానికి తోడు రాగి, అల్యూమినియం నేరుగా కలిశాయి, పక్కన బాయిలరు ఆవిరి. రెండు వేరు లోహాలు, మధ్యలో తడి, అదొక చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీ అల్యూమినియాన్ని తింటుంది. పైగా అల్యూమినియానికి గాలి తగలగానే ఒంటి మీద ఒక పొర కట్టుకుంటుంది. కంటికి కనబడదు, ఆ పొర కరెంటును పోనివ్వదు.

నిరోధం ఎంతయితే ఎంత వేడి పుడుతుందో చూడండి. మంచి జాయింటు 10 మైక్రో ఓమ్‌లు అనుకుందాం. 600 ఆంపియర్లు పారితే వేడి మూడున్నర వాట్లు. ఫోను చార్జరంత. అదే జాయింటు వదులై 200 మైక్రో ఓమ్‌లకు పోతే? 72 వాట్లు. పాత 60 వాట్ల బల్బు పట్టుకున్నవాళ్లున్నారా? దానికంటే ఎక్కువ, అది కూడా అరచేతంత చోట, మూసిన పెట్టెలో. వేడెక్కితే ఇంకా వదులవుతుంది, వదులయితే ఇంకా వేడెక్కుతుంది. చివరికి ఇదిగో, మీ చేతుల్లో తిరుగుతున్న ముక్క.

అయితే జాయింటు ఎలా చేయాలి? నేను ఇప్పుడు చేసే తీరు చెబుతాను. పట్టీ మీద పట్టీ ఎంత పడాలి? కనీసం పట్టీ వెడల్పంత. రంధ్రం వేశాక అంచున లేచిన పొట్టు ఆకురాయితో తీసేయాలి. ఆ పొట్టు అర మిల్లీమీటరు లేచినా రెండు ముఖాలూ ఆనుకోవు, పొట్టు మీద నిలబడతాయి. అల్యూమినియమైతే ముందు కాంటాక్టు గ్రీజు పూసి, ఆ గ్రీజు మీదే స్టీలు బ్రష్షుతో రుద్దాలి. ముందు రుద్ది, టీ తాగి వచ్చి, తరవాత గ్రీజు పూస్తే లాభమేమిటి? మీరు టీ తాగేలోపే పొర మళ్లీ కట్టేస్తుంది. రాగితో కలిపేటప్పుడు తగరం పూత వేసిన రాగి, లేదా బైమెటల్ షీటు. బోల్టు 8.8 గ్రేడు. బోల్టు తల కింద, నట్టు కింద పెద్ద వాషరు, దాని మీద గిన్నెలా వంగిన స్ప్రింగు వాషరు, బెల్‌విల్ అంటారు. మామూలు చీలిక స్ప్రింగు వాషరు కాదు సుమా. ఈ గిన్నె వాషరు పట్టీ ఉబ్బితే అణుగుతుంది, ముడుచుకుంటే లేస్తుంది, బిగువు పోనివ్వదు. ఆ తరవాత టార్క్ రెంచి. 10 మిల్లీమీటర్ల బోల్టుకు 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల దగ్గర పట్టికలు చెబుతుంటాయి. బ్రేకరు టెర్మినల్‌కు మాత్రం ఆ బ్రేకరుతో వచ్చిన కాగితం ఏం చెబితే అదే, నా మాట కాదు. బిగించాక నట్టు మీద నుంచి పట్టీ మీదకు ఒక గీత గీయండి, మార్కరుతో. ఏడాది తరవాత గీత విరిగిందా లేదా చూస్తే చాలు. గీత కలిసి ఉంటే స్పానరు పెట్టకండి. ఏటా వచ్చి ప్రతి బోల్టునూ ఇంకో పావు తిప్పు తిప్పే మిస్త్రీలున్నారు, మంచి మనసుతోనే చేస్తారు, జాయింటును చంపేస్తారు.

పొడుగు బోర్డులు కట్టేవాళ్లకు ఒక్క మాట. 50 డిగ్రీలు పెరిగితే అల్యూమినియం పట్టీ మీటరుకు ఒక మిల్లీమీటరు పైన సాగుతుంది. మూడు మీటర్ల బోర్డులో మూడున్నర మిల్లీమీటర్లు. రెండు చివరలా గట్టిగా బంధిస్తే అది ఎటు పోవాలి? సపోర్టును నెడుతుంది, బ్రేకరు టెర్మినల్‌ను నెడుతుంది. పొరలు పొరలుగా ఉండే మెత్తటి లింకు ఒకటి పెట్టండి.

న్యూట్రల్ సంగతి చెప్పకుండా వదలకూడదు. న్యూట్రల్‌కు సగం సైజు చాలు అనేది మనకు అలవాటైన మాట. మోటార్లే లోడుగా ఉన్న రోజుల్లో నిజం. ఇప్పుడు అపార్టుమెంటులో, ఆఫీసులో ఏమున్నాయి? ఎల్ఈడీ బల్బులు, కంప్యూటర్లు, టీవీలు. ఇవి కరెంటును సాఫీగా తాగవు, గుటకలు గుటకలుగా తాగుతాయి. అందులోంచి మూడో హార్మోనిక్ పుడుతుంది, అంటే అసలు 50 హెర్ట్జ్‌కు మూడు రెట్ల వేగంతో ఊగే కరెంటు, 150 హెర్ట్జ్. మూడు ఫేజుల్లో మామూలు కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మూడో హార్మోనిక్‌లు కొట్టేసుకోవు, కూడుకుంటాయి. ఫేజు చల్లగా ఉండి న్యూట్రల్ కాలిన బోర్డులు ఇందువల్లే. అటువంటి చోట న్యూట్రల్ పూర్తి సైజు వేయండి, కంప్యూటర్లు మరీ ఎక్కువైతే ఇంకా పెంచండి. న్యూట్రల్ జాయింటు ఊడిపోతే ఏమవుతుందో మీకు చెప్పాలా? ఒక ఇంట్లో టీవీ పేలుతుంది, పక్కింట్లో బల్బు గుడ్డిగా వెలుగుతుంది.

చిన్న పెట్టెలకు వస్తే, ఇళ్లలో డీబీలు, అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డులు. అందులోని న్యూట్రల్ లింకు ఇత్తడిది. ఇత్తడి కరెంటు మోయడంలో రాగిలో మూడో వంతు కూడా కాదు, 28 శాతం దగ్గర. అందుకే సన్నటి చవక లింకు కొనకండి, మందం చూసి కొనండి. ఒక స్క్రూ కింద ఒకే తీగ. రెండు తీగలు పెడితే లావుది బిగుస్తుంది, సన్నది ఊరికే ఉంటుంది. ఎంసీబీల మీద, అంటే ఇంటి చిన్న బ్రేకర్ల మీద, తొడిగే దువ్వెన బార్ కోసి వాడుతున్నారు కదా, కోసిన చివరకు మూత పెట్టండి. మూత చాలా చవక వస్తువు. లేకపోతే ఎవరొస్తారు? బల్లి వస్తుంది. కేబుళ్లు పెట్టెలోకి వచ్చే గ్లాండు ప్లేటులో కేబులు తీసేసిన రంధ్రం మూయరు, అందులోంచి బల్లి వస్తుంది, వెచ్చగా ఉందని పట్టీల మధ్య చేరుతుంది. ఒక కాలు ఎరుపు మీద, తోక పసుపు మీద. 25 మిల్లీమీటర్ల ఎడం ఇచ్చాం, చాలు అని మనం అనుకుంటాం. బల్లి ఎంత పొడవుంటుంది?

ప్రశ్నలుంటే అడగండి. ... స్లీవు వేస్తే వేడి పెరగదా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. కొంత దుప్పటిలా పనిచేస్తుంది, కానీ మెరిసే లోహం కంటే స్లీవు వేడిని బాగా వెదజల్లుతుంది, ఇందాక రంగు సంగతి చెప్పాను కదా. మొత్తం మీద పెద్ద నష్టం లేదు. బల్లి తగిలినా పేలదు. అయితే స్లీవు ఎంత వేడి తట్టుకుంటుందో చూసి కొనండి. జాయింటు మీద స్లీవు తొడిగి దాచేయకండి, విప్పి చూడగలిగే మూత పెట్టండి. కనబడని జాయింటును ఎవరూ చూడరు.

ఇంకొకరు... వేడిని బొమ్మగా చూపే థర్మల్ కెమెరా కొనమంటారా అని. కొనక్కర్లేదు, అద్దెకు దొరుకుతుంది. లోడు బాగా ఉన్న వేళ తీయండి, ఖాళీ బోర్డును ఫొటో తీస్తే అన్నీ చల్లగానే కనబడతాయి. మెరిసే లోహం మీద కెమెరా తక్కువ చూపిస్తుంది, మోసపోకండి. మూడు ఫేజులూ పక్కపక్కన చూడండి. అదే లోడు మీద ఒకటి మిగతా రెంటికంటే 15, 20 డిగ్రీలు ఎక్కువుంటే, ఆ జాయింటు పని మొదలుపెట్టిందన్నమాట.

ఆ మిల్లు ఏమైందని అడుగుతున్నారా? అవే 80 బై 10 పట్టీలు ఉంచాను, కాలిన చివర కోసేసి. జాయింట్లు మళ్లీ చేశాను, డబ్బు తీసుకోలేదు. ఆ బోర్డు ఇప్పటికీ నడుస్తోంది. ఆ కోసిన చివరే ఇప్పుడు మీ దగ్గరుంది. ఆఖరి వరుసలో ఎవరి చేతిలో ఉందో, వెళ్లేటప్పుడు ఈ బల్ల మీద పెట్టండి, ఇంకో ఊళ్లో చూపించాలి. టార్క్ రెంచి, గిన్నె వాషర్లు, గ్రీజు కూడా ఇక్కడే ఉన్నాయి. టీ వచ్చేలోపు ఒక్కొక్కరు వచ్చి ఒక జాయింటు బిగించి చూడండి. ముందు చేత్తో బిగించండి, సరిపోయిందనుకున్నాక రెంచి పెట్టి చూసుకోండి.